పందొమ్మిదో అధ్యాయం

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది. చిన్నప్పుడు మా తాడేపల్లిగూడెంలో ఒక దూరపు మేనత్త ఉండేది. రైలు కట్ట దగ్గర ఎవరో పేరు పెట్టి పిలిచారనీ, వెనక్కి తిరిగితే ఎవరూ లేరనీ చెప్పి పిల్లల్ని హడలగొట్టేది. పదేళ్ళ వయసులోనే ఆవిణ్ణి నిలదీశాను. ఏ రోజు, ఎన్ని గంటలకి, పక్కన ఎవరున్నారు అని. ఆవిడ దగ్గర జవాబు లేదు. పెద్దవాళ్ళని అలా అడగొచ్చా అని మా అమ్మ నా వీపు మీద ఒకటిచ్చింది. అయినా అడిగింది తప్పని ఇప్పటికీ అనుకోను.

అవే ప్రశ్నలు ఇప్పుడు నన్ను అడగండి. ఏ రోజో చెబుతాను, టైము చెబుతాను, సాక్షుల్ని చూపిస్తాను. ఇది చదివి "మనసు భ్రమ" అని తేల్చిపారేసే వాళ్ళకి ఒక మాట. అది మా ఆయన మీకంటే ముందే అన్నాడు, దానికి తిట్లు కూడా తిన్నాడు.

నేను నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పద్నాలుగేళ్ళయింది. ముక్కు మీద కోపం అని నాకు పేరు. పిల్లలు వెనక ఏదో పేరు పెట్టారని కూడా తెలుసు. ఏమిటో మాత్రం నేను అడగలేదు.

ఉప్పల్ పాత ఊళ్ళో పద్మ అని ఒకామె జాకెట్లు కుడుతుంది. వాళ్ళు ఆ ఊరి వాళ్ళే. ఒకప్పుడు పొలం ఉండేదట. ఇప్పుడు పొలం మీద అపార్టుమెంట్లు, వీళ్ళకి రెండు గదుల ఇల్లు, ఒక కుట్టు మిషను. భర్త బోడుప్పల్లో నీళ్ళ ప్లాంటులో పని చేస్తాడు. ఒక్కతే కూతురు, మంజుల. పన్నెండో ఏట జ్వరమొచ్చి రెండు కళ్ళూ పోయాయి. అయినా డిగ్రీ చేసింది. దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు కట్టింది. జాకెట్ల కోసం వెళ్ళి వస్తూ ఆ పిల్లతో మాట కలిసింది. నా క్లాసులో నలభై మంది కళ్ళున్నవాళ్ళకి లేని ఆసక్తి ఆ ఒక్కదానికి ఉంది.

ఆమెకి అన్ని పేపర్లూ అయిపోయి ఒక్కటే మిగిలింది. దాన్ని రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. ఆ పేపరు బరువంతా ఒకే నవల మీద. ఎప్పటిదో పాత ఇంగ్లీషు భయానక నవల. కొండ మీద పాడుబడ్డ బంగళా, తాళం వేసిన గదులు, గోడల్లో ఏడుపు, దాచిపెట్టిన ఉత్తరాలు. గోథిక్ నవల అంటారు ఆ రకాన్ని. ఒక్కో వాక్యం సగం పేజీ నడుస్తుంది.

పోయింది ఆ పిల్లకి చదువు రాక కాదు. పుస్తకం లేక. యూనివర్సిటీ వాళ్ళు ఆ నవలని తమకి తోచినట్టు కుదించి, సొంతంగా అచ్చు వేసుకుని, అదే పాఠ్యపుస్తకం అన్నారు. బయట దొరికే ప్రతులు దీనికి సరిపోవు. వీళ్ళదేమో స్టడీ సెంటర్లో ఒక్క కాపీ. జిరాక్స్ తీసుకోవాలి. ఆ జిరాక్స్‌లో అక్షరాలు వంకర, కొన్ని పేజీల్లో కింది వరసలు తెగిపోయాయి. ఫోన్‌తో ఫొటో తీస్తే ఫోనే చదివి పెడుతుందంటారు కదా, ఆ వంకర అక్షరాలు చూసి అది ఏదో వాగుతుంది. చూపు లేని వాళ్ళకి ఆడియో ఇస్తాం అని ప్రాస్పెక్టసులో రాసుకున్నారు. అడిగితే "తయారవుతోంది" అన్నారు. మూడేళ్ళుగా తయారవుతోంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఆమె రిజిస్ట్రేషనుకి అదే ఆఖరి సంవత్సరం. ఈసారి కూడా పోతే పాసైన పేపర్లన్నీ రద్దు. మళ్ళీ మొదటి నుంచి కట్టాలి. అంత ఓపిక, స్తోమత ఆ ఇంట్లో లేవు. మంజుల లెక్చరర్ కావాలనుకుంది. ఎం.ఏ. లేకపోతే ఆ మాట ఎత్తడానికి లేదు.

"నేను చదివి రికార్డు చేసి పంపుతాను" అన్నాను. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే అన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి, నా తప్పు ఇక్కడి నుంచే లెక్కకొస్తుంది.

స్కూలు నుంచి వచ్చి సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా మా వెనక గదిలో కూర్చుని చదివేదాన్ని. మొత్తం ఇరవై ఆరు అధ్యాయాలు. రోజుకి ఒకటి. ఫలానా అధ్యాయం అని నంబరు చెప్పి మొదలుపెట్టి, "సరే మంజులా, మిగతాది రేపు" అని ముగించి వాట్సాప్‌లో పంపేదాన్ని. ఆ గదిలో ఫ్యానుకి బేరింగు పోయింది. టిక్కు టిక్కుమని ఒకటే గోల. ఫ్యాను ఆపితే చెమటలు. కింద సందులో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. చదువుతూ చదువుతూనే కిటికీలోంచి వాళ్ళని తిట్టేదాన్ని. యూనివర్సిటీని తిట్టేదాన్ని. అంతంత పొడుగు వాక్యాలు రాసిన మహానుభావుణ్ణి తిట్టేదాన్ని. అవన్నీ రికార్డయ్యేవి.

మంజుల నవ్వేది. "మేడం, నవలకన్న మీ తిట్లే మస్తుంటయ్. నేను అమ్మకు గూడ వినిపిచ్చిన."

పద్దెనిమిది దాకా బాగానే నడిచింది. పందొమ్మిదో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి మా స్కూల్లో అర్ధవార్షిక పరీక్షలు. రెండొందల పేపర్లు దిద్దాలి. ఆ అధ్యాయం చూస్తే పద్నాలుగు కాగితాలు, అన్నిటికంటే పెద్దది. బంగళాలో పాత నౌకరు ఒకడు తన కథ చెప్పుకుంటాడు, అసలు కథకీ దానికీ సంబంధం ఏమిటో పైపైన చూస్తే తెలియదు. ఉప్పల్ రింగు రోడ్డు పక్కన ఒక జిరాక్స్ షాపులో "గెస్ పేపర్" అమ్ముతారు. వచ్చే ప్రశ్నలకి చుక్కలు పెట్టి ఉంటాయి. మూడు చుక్కలంటే తప్పక వస్తుందని. పందొమ్మిదికి ఒక్క చుక్క లేదు.

వదిలేశాను. ఆ పద్నాలుగు కాగితాలకీ క్లిప్పు పెట్టి అలమారలో పెట్టాను.

అంతటితో ఆగినా కొంత నయం. ఆ పిల్లకి తెలిస్తే అడుగుతుందని నంబరు మార్చాను. ఇరవయ్యో అధ్యాయం తీసి "పందొమ్మిది" అని చెప్పి చదివాను. అక్కణ్ణించి అన్నీ ఒకటి తగ్గించుకుంటూ వచ్చాను. ఇరవై ఆరోదాన్ని ఇరవై ఐదు అని ముగించాను. చూడలేని పిల్లకి పుస్తకం ఎంతుందో నేను చెప్పిందే లెక్క. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు, అప్పుడు నాకు నేను ఏవో కారణాలు చెప్పుకున్నాను. ఇప్పుడు వాటిని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

పరీక్ష శుక్రవారం. సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. ఉప్పల్లోనే సెంటరు. మంజుల చెబితే రాసిపెట్టడానికి ఆమె పిన్ని కూతురు, ఇంటర్ చదివే పిల్ల వచ్చింది. రాసిపెట్టేవాళ్ళకి పరీక్ష రాసేవాళ్ళ కంటే చదువు తక్కువ ఉండాలని రూలు. అందుకే నేను రాయడానికి లేదు. సూపరింటెండెంటు ఆ పిల్ల కార్డు మీద ఏదో ముద్ర లేదన్నాడు. అరగంట నిలబెట్టాడు. లోపల గంట కొట్టారు, ప్రశ్నపత్రాలు పంచారు, వీళ్ళు ఇంకా వరండాలోనే. నేను గేటు బయట నుంచే అరిచాను. వాచ్‌మన్ అడ్డం వస్తే అతని మీద కూడా అరిచాను. చివరికి సూపరింటెండెంటు వాళ్ళని లోపలికి పంపించాడు, అదీ పోయిన అరగంట తిరిగి ఇవ్వనని చెప్పి. నా జీవితంలో అంత కోపం రాలేదనుకున్నాను. గంటల్లోనే అది తప్పని తేలింది.

బయటికి వచ్చిన వాళ్ళ దగ్గర పేపరు అడిగి చూశాను. నవల మీద పెద్ద ప్రశ్న ఒకటే, ఆప్షన్ లేదు. పాత నౌకరు చెప్పిన కథ నవల మొత్తానికి ఎందుకు అవసరమో చర్చించమన్నారు. అది పోతే పేపరు గట్టెక్కదు.

పక్కనే చెరకురసం బండి దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పద్మ నా వైపు చూస్తే చాలు తల తిప్పేసుకుంటున్నాను. ఆ పిల్ల బయటికి వచ్చి ఏడుస్తుంది, అప్పుడు అంతా చెప్పేయాలి అని గుండె దిటవు చేసుకుంటున్నాను.

మంజుల పిన్ని కూతురి చెయ్యి పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"మేడం, మీరు చదివిందే వచ్చింది! నౌకరు కథ. ఆరు పేజీలు చెప్పిన. ఖాళీ గదికి రోజు అన్నం పళ్లెం పట్కపోతడు గద, గది గూడ రాయించిన."

ఖాళీ గదికి పళ్ళెం తీసుకెళ్ళే సంగతి నాకే తెలియదు.



ఎప్పుడు విన్నావు అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మొన్న బుధవారం పంపిన్రు గద. పొద్దుగాల పన్నెండు కాకముందు. ఎప్పుడు పొద్దుమూకి పంపుతరు, ఇయ్యాల బడి లేదేమో అనుకున్న. రెండు పందొమ్మిదులు అయినయ్ నా దగ్గర. మీరు నంబర్ తప్పు చెప్పిన్రని నేనే సరి జేసుకున్న."

అక్కణ్ణించి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. ఎవరో నాతో ఆడుకుంటున్నారనే అనుమానం. ఎవరైనా సరే, దొరికితే చెంప పగలగొట్టాలనే కోపం. ఫోన్ తీసుకున్నాను. నా పేరు, నా నంబరు. వరసగా నేను పంపిన ఇరవై ఐదు ఫైళ్ళు. వాటి కింద ఇంకొకటి. బుధవారం, పదకొండు గంటల నలభై నిమిషాలు. యాభై రెండు నిమిషాల నిడివి. నా ఫోన్లో అదే చాట్ తెరిచి చూశాను. అందులో ఇరవై ఐదే ఉన్నాయి. రెండు ఫోన్లూ పక్కపక్కన మిషను బల్ల మీద పెట్టి పద్మకి కూడా చూపించాను. మీ దాంట్ల చెరిగిపోయిందేమో అంది.

మంజుల ఎప్పుడూ స్పీడు పెంచి వింటుంది. అలవాటు. దీన్ని మాత్రం పెంచబుద్ధి కాలేదంది. నా కోసం మొదటి నుంచి పెట్టింది.

"పందొమ్మిదో అధ్యాయం" అంది గొంతు. నా గొంతు. అనుమానం లేదు. పద్నాలుగేళ్ళుగా స్కూలు మైకులో వింటున్న గొంతు. నేను కొన్ని మాటల్ని గోదావరి జిల్లా యాసలో సాగదీస్తాను, మా ప్రిన్సిపాల్ వెక్కిరిస్తుంది కూడా. ఆ సాగదీత ఉంది.

పద్మ మిషను ఆపింది. "నేను గూడ విన్న మేడం ఆ రోజు. నాకు ఇంగ్లీషు తెల్వది గని మీ గొంతు తెల్వదా? మిషన్ ఆపి మరీ కూసున్న. ఏమో, ఆ పొద్దు మస్తు మంచిగ అనిపిచ్చింది వింటుంటే."

యాభై రెండు నిమిషాలూ అక్కడే నిలబడి విన్నాను. కూర్చోమని పద్మ రెండుసార్లు అంది.

ఇంటికి వచ్చి అలమార తీశాను. పద్నాలుగు కాగితాలూ ఉన్నాయి. క్లిప్పు తీస్తే దాని కింద తుప్పు మరక, క్లిప్పు ఆకారంలోనే ఉంది. ఆ అధ్యాయం ఆ రోజే మొదటిసారి చదివాను. మంజుల దగ్గర ఫైలు తెప్పించుకుని, కాగితం మీద వేలు పెట్టి, గొంతుతో పాటు వెళ్ళాను. మాటకి మాట సరిపోయింది. ఆరో కాగితం దగ్గర కింద మూడు వరసలు జిరాక్స్‌లో తెగిపోయాయి. కాగితం మీద ఏమీ లేదు, తెలుపు. గొంతు అక్కడ ఆగలేదు. ఆ మూడు వరసలూ చదివి తర్వాతి పేజీలోకి వెళ్ళింది. మర్నాడు శనివారం స్టడీ సెంటరుకి వెళ్ళి, అక్కడి క్లర్కుతో గొడవ పడి, అసలు పుస్తకం తీయించాను. ఆ మూడు వరసలూ అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి.

ఇక బుధవారం సంగతి. మా స్కూల్లో టీచర్ల ఫోన్లు పొద్దున ఎనిమిదిన్నరకి ఆఫీసులో ఇనప డబ్బాలో పెట్టి రిజిస్టరులో సంతకం చేయాలి. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ సంతకం పెట్టి తీసుకోవాలి. మేమేమన్నా దొంగలమా అని దీని మీద ప్రిన్సిపాల్‌తో రెండుసార్లు పోట్లాడాను కూడా. సోమవారం వెళ్ళి రిజిస్టరు చూశాను. బుధవారం పెట్టినట్టు, తీసుకున్నట్టు రెండు చోట్లా నా సంతకం ఉంది. పదకొండు నలభైకి నేను ఏడో తరగతి బి సెక్షన్లో ఉన్నాను. హోంవర్కు తేలేదని ఆ పీరియడంతా ముగ్గుర్ని నిలబెట్టాను, వాళ్ళని అడిగినా చెబుతారు. డబ్బా తాళం ఆఫీసు మేడం దగ్గర ఉంటుంది. ఆవిడ ఆ రోజు డబ్బా తీయలేదంది. అనుమానంగా నా వైపు చూసింది కూడా.

మా ఆయనకి చెప్పాను. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. అన్నిటికీ కారణం ఉండాలంటాడు. "నువ్వే ఎప్పుడో చదివి మర్చిపోయుంటావు. పని ఒత్తిడి, మనసు భ్రమ" అన్నాడు. అప్పుడు పడ్డాయి తిట్లు. చదవకపోయినా చదివేశానని మనిషి మర్చిపోవచ్చు, అది నా క్లాసులో రోజూ చూస్తాను. యాభై రెండు నిమిషాలు గొంతు నొప్పి పుట్టేలా చదివి, ఆ తర్వాత నంబరు మార్చి మోసం చేసి, చదివిన సంగతి ఎవరు మర్చిపోతారు?

మా అక్క కొడుకు అన్నోజిగూడలో ఉంటాడు, సాఫ్ట్‌వేరు. వాడు ఉత్సాహంగా వచ్చాడు. "పిన్నీ, ఇప్పుడు ఎవరి గొంతైనా కంప్యూటర్లో తయారు చేస్తున్నారు" అన్నాడు. సరే, ఎవరు తయారు చేశారు? జాకెట్లు కుట్టే పద్మా? నీళ్ళ క్యాన్లు మోసే మంజుల నాన్నా? ఆ అధ్యాయం నేను ఎగ్గొట్టానని అప్పటికి ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా కాగితాల మీద లేని మూడు వరసలు వాళ్ళకి ఎక్కడివి? మంజుల ఫోన్ ఏదో సాకు చెప్పి తెచ్చాను, వాడు రెండు ఫోన్లూ పట్టుకుని ఒక ఆదివారమంతా ఏదో చూశాడు. పంపింది మాత్రం నీ నంబరు నుంచే పిన్నీ అన్నాడు. సాయంత్రం అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు.

రిజల్ట్స్ వచ్చాయి. మంజుల పాసైంది. ఆ పేపర్లోనే అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

తల్లీ కూతుళ్ళు ఆటోలో మా ఇంటికి వచ్చారు. పద్మ స్వీట్ల డబ్బా తెచ్చింది. పండు, జాకెట్ ముక్క పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. నేను వెనక్కి గెంతాను. ఆ ముక్క ఇప్పటికీ కుట్టించుకోలేదు.

మంజుల సోఫాలో కూర్చుని నా చెయ్యి వెతికి పట్టుకుంది. "మేడం, గా పందొమ్మిది లేకపోతే నేను ఈసారి గూడ పోతుంటి. మీరు చేసింది నేను మర్వ."

అప్పటికి నెల రోజులుగా లోపల కుళ్ళుతున్నాను. ఇక పట్టలేకపోయాను. ఆ అధ్యాయం నేను చదవలేదని చెప్పాను. ఎగ్గొట్టానని, క్లిప్పు పెట్టి దాచానని, నంబరు మార్చానని. రిజిస్టరు సంగతి, మూడు వరసల సంగతి అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ మనసులో ఒక ఆశ ఉంది. ఇంత వింత విన్నాక ఆ పిల్ల భయపడుతుంది, ఆశ్చర్యపోతుంది, ఆ గొడవలో నా తప్పు చిన్నదైపోతుందని. నీచమైన ఆశే. ఒప్పుకుంటున్నాను.

పద్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "అమ్మ తల్లీ! ఎవరో మంచోళ్ళే చదివిన్రు మేడం. ఆ మైసమ్మే మీ గొంతుల వచ్చిందేమో."

మంజుల నా చెయ్యి వదిలేసింది.

"అమ్మా, నువ్వు జర ఊకో" అంది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ పిల్లకి అంత కోపం రాగలదని నాకు అప్పటిదాకా తెలియదు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను తట్టుకునేదాన్ని.

"ఎవరు చదివిన్రు అన్నది తర్వాత మేడం. మీరెందుకు చదవలే?"

గెస్ పేపర్లో లేదన్నాను.

"నాకు చెప్పొచ్చు గద. మంజులా, ఇది పెద్దగున్నది, నాతోటి అయితలేదు, ఇడుద్దామా అని ఒక్క మాట అడిగితే నేను కాదంటుంటినా? వేరేటోళ్ళ కాళ్ళు పట్టుకొని చదివించుకుంటుంటి. మీరు అడగలే. నంబర్ మార్చిన్రు. నాకు కండ్లు లేవని నా పుస్తకంల నుంచి కాయితాలు తీసి దాసుకున్నరు."

యూనివర్సిటీ మీద అరిచాను, సూపరింటెండెంటు మీద అరిచాను, పాపం వాచ్‌మన్ మీద అరిచాను. వాళ్ళు ఆ పిల్లకి చేసిందీ నేను చేసిందీ ఒకటే. వాళ్ళు కనీసం ఆమెకి తెలిసేలా చేశారు.

"మీ తిట్లు విని నవ్వుతుంటి మేడం" అంది లేస్తూ. "నా కోసం తిడుతున్నరనుకున్న."

పద్మ తలుపు దగ్గర ఆగి, చిన్నపిల్ల, తెలీక అన్నది, మనసుల పెట్టుకోకండి అంది. తెలిసే అంది పద్మా అన్నాను.

ఇది జరిగి ఏడాది దాటింది. మంజుల ఇప్పుడు లెక్చరర్ పరీక్షకి తయారవుతోంది. రామంతాపూర్‌లో ఎవరో రిటైరైన మాస్టారు చదివి పెడుతున్నారట. పద్మ చెప్పింది. నన్ను అడగలేదు. అడగకపోవడం న్యాయమే. దారిలో కనబడితే "బాగున్నరా మేడం" అంటుంది, నిలబడదు. నేను కూడా ఆపను.

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు చిరాకే. చచ్చినవాళ్ళకి నాచారం వచ్చి ఎం.ఏ. సిలబస్ చదివే పనేముంటుంది? మైసమ్మ అంటే నేను నమ్మను. కంప్యూటరు అంటే ఎవరు, ఎలా అన్నదానికి జవాబు లేదు. మా ఆయన ఇప్పుడు ఆ మాట ఎత్తడు. ఫైలు నా ఫోన్లోనే ఉంది. కావాలంటే ఎవరికైనా వినిపిస్తాను, ఇద్దరు ముగ్గురికి వినిపించాను కూడా. నీ గొంతే కదా, ఇందులో వింత ఏముంది అంటారు.

వింత ఏముందో నాకు తెలుసు. నేను చదివిన పాతిక ఫైళ్ళలో ఫ్యాను గోల ఉంది, సందులో పిల్లల గోల ఉంది, అన్నిటినీ మించి నా గోల ఉంది. ఎప్పుడు ముగుస్తుందా అన్న తొందర ప్రతి వాక్యంలో వినిపిస్తుంది. ఈ ఒక్కదాంట్లో ఫ్యాను లేదు, పిల్లలు లేరు. గొంతు కామా దగ్గర ఆగుతుంది. పొడుగు వాక్యం వస్తే నెమ్మదిగా ఒకసారి చదివి, అర్థం కాలేదేమోనని మళ్ళీ చదువుతుంది. కష్టమైన పేరు వస్తే ఒక్కో అక్షరమూ చెబుతుంది. యాభై రెండు నిమిషాల్లో ఎవరి మీదా విసుక్కోదు.

ఆ గొంతు నాదే. ఆ ఓపిక ఎవరిదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.